ఏ సవరణ బరువెంత?

1973 ఏప్రిల్ 24. ఢిల్లీలో ఎండ ముదిరింది. సుప్రీంకోర్టు ఒకటో నంబరు హాల్లో వేదిక మీద ఒకే వరసలో 13 మంది జడ్జీలు కూర్చున్నారు. అంత పెద్ద ధర్మాసనం ఆ కోర్టు చరిత్రలో అంతకుముందు లేదు. మధ్య కుర్చీలో ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎం. సిక్రీ. మర్నాటితో ఆయన కొలువు ముగుస్తుంది.

13 మందీ కలిసి 11 తీర్పులు రాశారు. ఒకరు ఔనన్నదాన్ని ఇంకొకరు కాదన్నారు. మూడోవారు సగం ఔనని సగం కాదన్నారు. ఇన్ని వందల పేజీల్లోంచి కోర్టు ఏం తేల్చిందో చెప్పడం ప్లీడర్లకే కష్టం. అందుకే సిక్రీ ఒక కాగితం ముందుకు తెచ్చారు. మెజారిటీ అభిప్రాయం ఇదీ అంటూ అందులో ఆరు అంశాలున్నాయి. తొమ్మిది మంది సంతకాలు చేశారు. ఎ.ఎన్. రే, కె.కె. మాథ్యూ, ఎం.హెచ్. బేగ్, ఎస్.ఎన్. ద్వివేది చెయ్యలేదు. విడ్డూరమేమిటంటే, ఓడిన పక్షాన నిలిచిన పాలేకర్, చంద్రచూడ్ కూడా సంతకం పెట్టారు.

ఆ ఆరు అంశాలూ కాఫీ తాగేలోపు చదివేయొచ్చు. గోలక్‌నాథ్ తీర్పు రద్దు. రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం 368వ అధికరణం పార్లమెంటుకు ఇవ్వదు. 24వ సవరణ చెల్లుతుంది. 25వ సవరణలో ఆస్తికి చెల్లించే మొత్తం గురించిన భాగం చెల్లుతుంది. అదే సవరణలోని మూడో సెక్షన్‌లో మొదటి సగం చెల్లుతుంది, రెండో సగం చెల్లదు. 29వ సవరణ చెల్లుతుంది.

లెక్క వేసి చూస్తే ప్రభుత్వం తెచ్చిన మూడు సవరణల్లో పోయింది ఒక్క అర సెక్షన్. పాత పగ గోలక్‌నాథ్ కూడా తీరిపోయింది. నిజానికి ఆ సాయంత్రం సర్కారు మిఠాయిలు పంచుకోవాలి. కానీ 24 గంటలు తిరక్కుండానే ఆ సర్కారు ఈ ధర్మాసనంలోని ముగ్గురు జడ్జీల మీద కత్తి దూసింది. ఎందుకంత కోపమన్నది తెలియాలంటే కథ ఆరేళ్లు వెనక్కి, ఒక రాజమండ్రి మనిషి దగ్గరికి వెళ్లాలి.

కోకా సుబ్బారావు 1902లో రాజమండ్రిలో పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పదిమంది ఒకవైపుంటే తానొక్కడే రెండోవైపు నిలబడటానికి జంకని మనిషి. 1967 ఫిబ్రవరి 27న 11 మంది ధర్మాసనానికి నాయకత్వం వహించి, గోలక్‌నాథ్ కేసులో 6-5 తేడాతో తీర్పు చెప్పారు. జలంధర్‌లో ఒక కుటుంబానికి ఉన్న వందల ఎకరాల భూమి గొడవ అది. తీర్పు మాత్రం ఆ ఎకరాలను దాటి చాలా దూరం పోయింది. రాజ్యాంగ సవరణ కూడా ఒక చట్టమే, ప్రాథమిక హక్కులను హరించే ఏ చట్టమూ చెల్లదని 13వ అధికరణం చెబుతోంది, కాబట్టి ఇక మీదట సవరణతో కూడా ఆ హక్కుల జోలికి పోకూడదన్నారు సుబ్బారావు. అప్పటికే చేసిన సవరణలను మాత్రం కదపలేదు. కదిపితే దేశమంతటా భూసంస్కరణలు కుప్పకూలతాయి.

ఆ తరువాత ఆరు వారాలకే రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. ఆ పని ఆయన చేయకుండా ఉండాల్సిందని నాకనిపిస్తుంది. తీర్పులో తర్కం ఎంత గట్టిదైనా, రాసిన చెయ్యి నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టాక, దాన్ని తర్కంగా చూసేవాళ్లు తగ్గిపోతారు.

తరువాతి నాలుగేళ్లూ ఢిల్లీలో పార్లమెంటుకీ కోర్టుకీ పడలేదు. 1970 ఫిబ్రవరిలో బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్ని కోర్టు కొట్టేసింది. 11 మందిలో ఒక్కరే సర్కారు పక్షం: ఎ.ఎన్. రే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది డిసెంబరులో మాజీ రాజుల భరణాల రద్దూ కోర్టులో నిలవలేదు. 1971లో ఇందిరాగాంధీ గరీబీ హటావో నినాదంతో జనం దగ్గరికి వెళ్లి 352 సీట్లతో తిరిగొచ్చారు. ఆ బలంతో వరసగా సవరణలు కదిలాయి.

24వది 1971 నవంబరు 5న ఆమోదం పొందింది. ప్రాథమిక హక్కులు సహా రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా పార్లమెంటు సవరించవచ్చని అది చెప్పింది. ఇంకో చిన్న మెలిక కూడా పెట్టింది. సవరణ బిల్లు తన ముందుకొస్తే రాష్ట్రపతి ఆమోదించి తీరాల్సిందే. ఆ బిల్లుకు ఆమోదం తెలిపిన రాష్ట్రపతి వి.వి. గిరి, మన వరాహగిరి వెంకటగిరి. తనకున్న ఆ కాస్త వెసులుబాటూ పోయే కాగితానికి తానే ముద్ర వేశారన్నమాట.

25వది 1972 ఏప్రిల్ 20న వచ్చింది. ప్రభుత్వం తీసుకునే ఆస్తికి ఎంత ఇచ్చారన్నది కోర్టులు తూచకుండా చెయ్యడం దాని మొదటి పని. రెండో పని, 31సి అనే కొత్త అధికరణం. సంపద కొద్దిమంది గుప్పిట్లో చేరకుండా చూడాలన్న ఆదేశిక సూత్రాల కోసం చేసే చట్టం 14, 19, 31 అధికరణాలకు విరుద్ధమైనా చెల్లుతుంది. ఇది మొదటి సగం. ఈ చట్టం ఆ సూత్రాల కోసమే చేశామని చట్టంలో ఒక ప్రకటన రాసుకుంటే, నిజంగా అందుకోసమేనా అని ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదు. ఇది రెండో సగం.

29వది 1972 జూన్ 9న వచ్చింది. కేరళ భూసంస్కరణల సవరణ చట్టాలు రెంటిని తొమ్మిదో షెడ్యూలులో 65, 66 నంబర్లుగా చేర్చింది. ఆ షెడ్యూలులో చేరిన చట్టం ప్రాథమిక హక్కులకు విరుద్ధమన్న కారణంతో చెల్లకుండా పోదు.

ఈ మూడింటినీ సవాలు చేసిన పిటిషన్ మీద మొదటి పేరు ఒక యువ స్వామిది. కేరళ ఉత్తర కొసన, కాసరగోడు దగ్గర ఎడనీరు మఠం. పీఠాధిపతి కేశవానంద భారతికి అప్పుడు దాదాపు ముప్పై ఏళ్లు. శాస్త్రీయ సంగీతం పాడేవారు, యక్షగానమంటే ప్రాణం. కేరళ చట్టం కింద మఠం భూములు పోతున్నాయని 1970 మార్చిలో సుప్రీంకోర్టుకు వచ్చారు. సవరణలు వచ్చాక వాటి మీద సవాలు కూడా ఆ పిటిషన్‌లోనే చేరింది. ఆ భూముల కోసం వేసిన కాగితం దేశంలో అన్ని సవరణలనూ తూచే త్రాసవుతుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండరు. తన పక్షాన వాదించిన నానీ పాల్ఖీవాలాను ఆయన ఒక్కసారి కూడా కలవలేదంటారు.

1972 అక్టోబరు 31న వాదనలు మొదలయ్యాయి.

ఇక్కడ ఇద్దరు మనుషుల్ని కల్పిస్తున్నాను. ఒకరు గుంటూరు సీనియర్ ప్లీడరు, హైకోర్టు గుంటూరులో ఉన్న రోజుల్లో సుబ్బారావు ముందు నిలబడి వాదించినవారు. రెండోవాడు హనుమకొండ నుంచి వచ్చి ఆయన దగ్గర చేరిన జూనియరు. మనుషులు నా ఊహ. వాళ్ల నోటి వెంట వచ్చే వాదనలు మాత్రం ఆ ఐదు నెలలూ కోర్టు ముందు నలిగినవే. డిసెంబరు చలి. కోర్టు క్యాంటీన్లో గాజు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది.

"ఏమోయ్, మూడు సవరణలూ చదివావు గదా, ఏది పెద్దదంటావ్?"

"25 సార్."

"కాదబ్బాయ్. 24. పార్లమెంటుకు హక్కుల్ని ముట్టుకునే అధికారమే లేదని మా సుబ్బారావు గారన్నారు. ఆ మాట పడిపోతే 25 ఉంటుంది, 29 ఉంటుంది, రేపు 30, 40 కూడా ఉంటయ్. పడకపోతే ఇవేవీ ఉండవు. మొదలు తేలకుండా కొమ్మలు లెక్కపెడితే ఏం లాభం?"

"అధికారం ఉందనే అనుకుందాం సార్. ఉన్న అధికారాన్ని వాడితే ఎవరన్నా అడగాలె గదా. 24 ఇంటి తాళంచెవి ఇచ్చుడు. 25లో ఆ రెండో సగం, లోపలికెళ్లి ఏం పట్టుకపోయిన్రో చూసే హక్కు మీకు లేదనుడు. నాకైతే తాళంచెవి కన్నా ఆ మాటకే భయమైతది."

సీనియర్ నవ్వాడు. "పాల్ఖీవాలా దగ్గర చేరరాదూ."

"ఇంకోటి సార్. ఆ ప్రకటన రాసేది పార్లమెంటే కాదు, రాష్ట్ర అసెంబ్లీ కూడా రాసుకోవచ్చు. మామూలు మెజారిటీతో చేసే చట్టం. రాష్ట్రపతి ఆమోదం ఒకటి ఉంటే చాలు. రాజ్యాంగాన్ని సవరించాలంటే మూడింట రెండొంతులు కావాలె. ఇదైతే సగానికి ఒకటెక్కువుంటే పని అయిపోతది."

ఆ మాటకు సీనియర్ కాసేపు మాట్లాడలేదు. టీ చల్లారుతోంది. తరువాత ఆయన గొంతు మారింది.

"ప్రశ్నించరాదన్న మాటను నువ్వంత తేలిగ్గా తిట్టొద్దు. మా నాన్న జమీందారీ ఎస్టేటు రైతు. శిస్తు కట్టలేక కచేరీ వాకిట్లో నిలబడటం నేను చూశాను. 1951లో మొదటి సవరణ తెచ్చి తొమ్మిదో షెడ్యూలు పెట్టారు. మొదట అందులో ఎన్ని చట్టాలో తెలుసా? 13. వాటిలో నాలుగు మనవి. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, దాని సవరణ చట్టం. మీ హైదరాబాదు జాగీర్ల రద్దు రెగ్యులేషన్, జాగీర్ల కమ్యూటేషన్ రెగ్యులేషన్. ఆ షెడ్యూలు లేకపోతే రాజాలూ జాగీర్దార్లూ మా నాన్న బతికినన్నాళ్లూ వ్యాజ్యాలు నడిపేవాళ్లు. ప్రశ్నించరాదన్నారు గనకే ఆయన చేతికి పట్టా వచ్చింది."

"వచ్చింది సార్, కాదనను. కాకపోతే ఆ షెడ్యూలులో ఏ చట్టం చేర్చిన్రో పేరు రాసి చేర్చిన్రు. ఆ పేర్లు చూసే పార్లమెంటు ఓటేసింది. 31సి కి పేరు లేదు. రేపు ఎవడు ఏ చట్టం చేసినా ఒక వాక్యం రాసుకుంటే సరి."

"ఊఁ. మరి స్వామి వారి 29?"

"దాని గురించి హాల్లో ఎవ్వరూ మాట్లాడతలేరు సార్. కేసేమో ఆయనది."

నిజంగా జరిగిందీ అదే. పిటిషన్‌దారు బతుకుతో నేరుగా ముడిపడ్డ సవరణ 29. అది మూల కూర్చుంది. మఠం భూములు పక్కకు పోయి, పార్లమెంటుకు హద్దులున్నాయా లేవా అన్నదే హాలంతా నిండిపోయింది.

"మా ఊళ్లో అడిగితే మాత్రం 24 కాదు, 25 కాదు సార్," అన్నాడు జూనియరు గ్లాసు కింద పెడుతూ. "ముల్కీ అంటరు."

"ఆ మాట ఇక్కడ ఎత్తకు నాయనా. ఊరికి రైలు సరిగ్గా లేదు, ఉత్తరం రాలేదు, పండక్కి ఇంటికి పోతానో లేదో."

తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ అక్టోబరు 3నే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోస్తా, రాయలసీమల్లో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఢిల్లీలో దేశ రాజ్యాంగానికి పునాది ఏమిటని 13 మంది తల బద్దలు కొట్టుకుంటుంటే, తెలుగువాళ్లకు ఉద్యోగంలో స్థానికుడెవరన్నదే రాజ్యాంగం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

హాల్లో వాదించే ఉద్దండులిద్దరూ బొంబాయి పార్సీలే. స్వామి పక్షాన పాల్ఖీవాలా, కేరళ పక్షాన మహారాష్ట్ర అడ్వొకేట్ జనరల్ హెచ్.ఎం. సీర్వాయ్. ఇద్దరూ ఒకప్పుడు సర్ జంషెడ్జీ కాంగా ఛాంబర్లో పని నేర్చుకున్నవాళ్లు. కేంద్రం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే. పాల్ఖీవాలా పట్టు ఇదీ: సవరించే అధికారం రాజ్యాంగం ఇచ్చినదే, కాబట్టి రాజ్యాంగం ఆనవాళ్లే పోయేలా దాన్ని వాడకూడదు. ఈ ఆలోచనకు వేరు ఒక జర్మన్ ఆచార్యుడు డీటర్ కాన్రాడ్‌ది. 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, సవరణ అధికారంతో రాజ్యాంగాన్నే రద్దు చేసి మొఘల్ చక్రవర్తి పాలననో బ్రిటిష్ రాణి పాలననో తిరిగి తేవచ్చా అని ఆయన అడిగాడు. హిట్లర్ రాజ్యాంగం గడప దాటే లోపలికొచ్చాడన్న జ్ఞాపకం ఉన్న దేశం వాడు గనక అతనికి ఆ ప్రశ్న తట్టింది.

సీర్వాయ్, డే వాదన సూటిగా ఉంది. 368 సవరించవచ్చంది, హద్దు రాయలేదు. రాయని హద్దును జడ్జీలు ఊహించి పెడితే ఎన్నికైనవారి మీద ఎన్నిక కానివారి పెత్తనం అవుతుంది. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు, ఇప్పటికీ కాదు. అయితే దాన్ని కొసదాకా లాగితే ఏమవుతుందన్న ప్రశ్నకు వాళ్లు ఒప్పుకున్నది సిక్రీ తన తీర్పులో రాసుకున్నారు: వాక్ స్వాతంత్ర్యం, మత స్వాతంత్ర్యం తీసేయవచ్చు, ప్రజాస్వామ్యాన్ని మార్చి ఒకే పార్టీ పాలన తేవచ్చు, రాజ్యాంగాన్ని మొత్తంగా రద్దు చేయడం తప్ప ఏదైనా చేయవచ్చు. ఆ ఒప్పుకోలు సర్కారుకు చాలా ఖరీదైందని నా అభిప్రాయం. ఎంత దూరమైనా పోవచ్చని చెప్పాక, అంత దూరం పోబోమన్న హామీకి విలువుండదు.

మధ్యలో జస్టిస్ బేగ్ జబ్బుపడి ఆస్పత్రిలో చేరారు. సిక్రీ రిటైరయ్యే తేదీ తరుముకొస్తోంది. ఒక్క జడ్జి తగ్గితే, లేదా వాదనలు ఏప్రిల్ దాటితే, ఐదు నెలల శ్రమా నీళ్లపాలు. 68 రోజుల వాదనల తరువాత 1973 మార్చి 23న ముగించారు. తీర్పులు రాయడానికి మిగిలింది నెల రోజులు.

రాసి చూసుకుంటే ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. పార్లమెంటుకు హద్దు లేదన్న ఆరుగురిలో రే ముఖ్యుడు. హద్దు ఉందన్న ఆరుగురిలో మన తెలుగు జడ్జి పి. జగన్మోహన్ రెడ్డి. హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్లినవారు. ఆయనా రే ఇద్దరూ 1969 ఆగస్టు 1న, ఒకే రోజు సుప్రీంకోర్టులో చేరారు. నాలుగేళ్లు తిరగకముందే ఆ ఇద్దరూ గీతకు చెరోవైపు నిలబడ్డారు. నడుమ మిగిలినవారు హెచ్.ఆర్. ఖన్నా. ఆస్తి హక్కు మౌలికం కాదన్నారాయన. ఆ మేరకు సర్కారుకు సంతోషమే. కానీ సవరించడమంటే ఉన్నదాన్ని మార్చడమే, దాన్ని లేకుండా చేయడం కాదన్నారు. ఆయన కలవడంతో అది 7-6 అయింది.

గోలక్‌నాథ్‌లో సుబ్బారావు గీసిన గీత పార్లమెంటును హక్కుల దగ్గరే ఆపేసింది. 1973 కోర్టు ఆ గీతను చెరిపి, లోపలికి పొమ్మంది. హక్కులను సవరించుకోమంది, భూమి తీసుకోమంది, ఎంతివ్వాలో మీరే చెప్పుకోమంది. ఆపింది రెండే చోట్ల. ఒకటి మౌలిక స్వరూపం. రెండోది 31సి లోని ఆ వెనక సగం. నా వరకు ఆ తీర్పులో అసలు తూకం ఇక్కడుంది. ఏ హక్కు పోయింది, ఎన్ని ఎకరాలు పోయాయి అన్నదాన్ని బట్టి కాకుండా, పోయిన తరువాత అడగడానికి చోటు మిగిల్చిందా లేదా అన్నదాన్ని బట్టి కోర్టు సవరణను కొలిచింది. ఆస్తిపరుల పక్షం తీర్పని అప్పట్లో వామపక్షాలు దుమ్మెత్తిపోశాయి. తీర్పు చదివితే ఆస్తిపరులకు దక్కింది దాదాపు ఏమీ లేదు. స్వామికైతే అసలే లేదు. 29 నిలిచింది.

ఏప్రిల్ 25 సాయంత్రం ఆకాశవాణి వార్తల్లో చెప్పారు: కొత్త ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే. ఆయనకన్నా సీనియర్లు షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ దాటేశారు. ముగ్గురూ ముందురోజు హద్దు ఉందన్నవారే. ముగ్గురూ రాజీనామా చేశారు. జడ్జీల సామాజిక దృష్టి కూడా చూడాలని మంత్రి మోహన్ కుమారమంగళం లోక్‌సభలో సమర్థించుకున్నారు. దేశమంతా ప్లీడర్లు కోర్టులు మానేసి బయటికొచ్చారు.

తరువాతి ఏడేళ్లలో సవరణల బరువు జనానికి నేరుగా తెలిసింది. ఎమర్జెన్సీ నడుస్తుండగా 1975 ఆగస్టులో 39వ సవరణ వచ్చింది. 7న లోక్‌సభ, 8న రాజ్యసభ, 10న రాష్ట్రపతి ఆమోదం. ఇందిరాగాంధీ ఎన్నిక కేసు సుప్రీంకోర్టు ముందుకు రావాల్సింది 11న. ప్రధాని ఎన్నిక ఏ కోర్టులోనూ చెల్లకుండా పోదన్నది ఆ సవరణ. దేశంలో ఒక్క మనిషి కోసం రాసిన సవరణ. నవంబరు 7న కోర్టు ఆ ఖండికను కొట్టేసింది, మౌలిక స్వరూపం సిద్ధాంతం మీదే. సిద్ధాంతాన్ని వ్యతిరేకించిన జడ్జీలున్న ధర్మాసనమే ఆ పని చేయాల్సి వచ్చింది. మూడు రోజులకే రే మళ్లీ 13 మందిని కూర్చోబెట్టి కేశవానంద తీర్పును తిరగతోడబోయారు. పాల్ఖీవాలా అడ్డం తిరిగారు. రెండు రోజుల వాదనలకే, నవంబరు 12న, ధర్మాసనం రద్దయింది.

42వ సవరణ 1976లో వచ్చింది, 59 క్లాజులతో. రాజ్యాంగ సవరణలను ఇక ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని రాసుకున్నారు. 1980 జులై 31న మినర్వా మిల్స్ కేసులో అదీ పోయింది. నడుమ 1978లో 44వది ఎమర్జెన్సీ చేసిన గాయాలకు మందు వేసింది. ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసేసింది. జీవించే హక్కును ఎమర్జెన్సీలోనూ ఆపడానికి వీల్లేదంది. ఆ బిల్లు సభలో నడుస్తున్నప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది ఎవరనుకున్నారు? 1973లో దాటేయబడ్డ కె.ఎస్. హెగ్డే. ఆ కుర్చీ ఆయనకు ఖాళీ చేసి రాష్ట్రపతి భవనానికి వెళ్లిన నీలం సంజీవరెడ్డి 1979 ఏప్రిల్ 30న దానికి ఆమోదం తెలిపారు. మంత్రిమండలి సలహాను ఒకసారి వెనక్కి పంపే అధికారం రాష్ట్రపతికి ఇచ్చిందీ ఆ సవరణే. గిరి పోగొట్టుకున్నదే సంజీవరెడ్డికి తిరిగొచ్చిందనలేం. సవరణ బిల్లు విషయంలో రాష్ట్రపతికి ఇప్పటికీ గత్యంతరం లేదు. రోజువారీ పాలనలో మాత్రం ఒక్కసారి ఆగి ఆలోచించండనే మాట దక్కింది. ఇక సీర్వాయ్. ఎమర్జెన్సీ చూశాక, మౌలిక స్వరూపం సిద్ధాంతం సరైనదేనని తన గ్రంథంలో ఒప్పుకున్నారు. అంత పెద్ద ప్లీడరు అచ్చులో మనసు మార్చుకోవడం అరుదు.

ఇప్పుడు మన 32వ సవరణ.

జై ఆంధ్ర మంటలు చల్లార్చడానికి 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. ముల్కీ పోయి, ఈ సవరణతో 371డి అధికరణం వచ్చింది. తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరికీ 24వ సవరణ సంగతి తెలియకపోవచ్చు గాని, లోకల్, నాన్-లోకల్ అన్న మాటలు పదో తరగతి పిల్లాడికీ తెలుసు. ఏ జిల్లా, ఏ జోను, చదువు ఎక్కడ, స్టడీ సర్టిఫికెట్లు ఉన్నాయా అన్న ఆరాలన్నీ అక్కడివే. రాష్ట్రం రెండయ్యాక 2018లో తెలంగాణకు వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వుకూ ఆధారం ఆ అధికరణమే. ఆ హనుమకొండ జూనియరు లెక్క ప్రకారం బరువైన సవరణ ఇదే, ఆ మాటలో తప్పు పట్టలేను.

అయితే 371డి లో ఒక ఐదో ఖండిక ఉండేది. ప్రభుత్వోద్యోగుల తగాదాలు తేల్చడానికి పరిపాలనా ట్రిబ్యునల్ పెట్టారు. ట్రిబ్యునల్ ఉత్తర్వు వెంటనే అమల్లోకి రాదు. ప్రభుత్వం ఖాయం చేసినప్పుడో, మూడు నెలలు గడిచినప్పుడో, ఏది ముందైతే అప్పుడు వస్తుంది. ఈలోపు కారణాలు రాసి ఆ ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఎవరు? రాష్ట్ర ప్రభుత్వం. అంటే ప్రమోషన్ రాలేదని ఒక గుమస్తా సర్కారు మీద కేసు వేసి గెలిస్తే, ఓడిన సర్కారే ఆ తీర్పును తీసి పక్కన పెట్టొచ్చు.

పి. సాంబమూర్తి కేసులో ఇది సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ధర్మాసనం, వ్యాజ్యంలో ఒక పక్షమే తీర్పును తోసిపుచ్చగలిగితే అది చట్టబద్ధ పాలన కాదంది. రాజ్యాంగంలో ఉన్న ఖండిక కదా, దాన్ని చెల్లదనడం ఎలా? మామూలు చట్టమైతే హక్కులతో పోల్చి కొట్టేయొచ్చు. సవరణను కొట్టేయడానికి కోర్టు చేతిలో ఉన్నది కేశవానంద తీర్పు ఒక్కటే. దానితోనే 371డి ఐదో ఖండికనూ దాని మినహాయింపునూ కొట్టేసింది. స్థానికులకు ఉద్యోగాల్లో వాటా ఇచ్చే మొదటి రెండు ఖండికలు చెక్కుచెదరలేదు.